పిస్టన్ మీద బాణం

గంగాధర్ మేస్త్రీ షెడ్డు ముందు ఎవరైనా పొగ రాని కొత్తరకం బండి తెచ్చి స్టాండు వేస్తే ఆయన పీట మీద నుంచి లేచేవాడు కాదు. "ఇది మన పని కాదండి, రోడ్డుకవతల చూపించుకోండి" అని చేతిలో ఉన్న స్పానరుతోనే దారి చూపించేవాడు. రోడ్డుకవతల నిజంగానే కొత్త షెడ్డు వెలిసింది. టైల్సు పరిచిన నేల, గోడకి రంగుల పోస్టర్లు, ఫ్యాను కింద కుర్చీలు. అక్కడ ఎప్పుడు చూసినా పది బళ్ళు, ఇక్కడ మూడో నాలుగో. అయినా మనిషిలో బింకం వీసమెత్తు తగ్గలేదు. "అవి బళ్ళేంటండి, కుట్టుమిషన్లు" అనేవాడు, ఆ షెడ్డు నడిపే గణేష్‌బాబుకి వినబడేలాగే.

తొంభై తొమ్మిది నాటి ముమ్మిడివరం సంగతి ఇది. గంగాధర్‌కి అప్పటికి యాభై దాటాయి. ఇంటిపేరు ఓలేటి, సముద్రం మీద చేపల వేటకెళ్ళే కుటుంబం. తండ్రి పడవల మోటార్లు బాగుచేసేవాడు. ఈయన సముద్రం మీదకి తీసుకెళ్తే వాంతులు చేసుకునే రకం కావడంతో ఒడ్డునే ఉండిపోయి మోటార్‌సైకిళ్ళ మీద పడ్డాడు. పడవ మోటారూ, పాత మోటార్‌సైకిలూ ఒక జాతివే. రెండూ పెట్రోల్లో ఆయిలు కలిపితే గానీ నడవవు, రెండూ పొగ కక్కేవే. రాజ్‌దూత్ గానీ ఎజ్డీ గానీ కోనసీమలో ఎక్కడ మొరాయించినా ఆఖరికి ఆయన గుమ్మంలోకే వచ్చేది.

ఆయన చేత పని చేయించుకోవాలంటే ఓపిక ఉండాలి. బండి తెచ్చినవాడు మాట్లాడకూడదు. ముందు స్టార్ట్ చేసి, కళ్ళు మూసుకుని, రెండు నిమిషాలు వింటాడు. తరవాత "ఎవరయ్యా దీన్ని గెలికింది" అంటాడు. గెలికినవాడు ఎదురుగా ఉన్న యజమానే అయితే ఆ పూట తిట్లతో కడుపు నిండిపోతుంది. విప్పి తీసిన పాత సామానంతా పేపర్లో చుట్టి ఇచ్చేస్తాడు, మార్చకుండానే మార్చానని చెప్పే మనిషిని కాదని దానర్థం. ఇంజను బోరు చేయించాల్సి, అంటే అరిగిన సిలిండరు లోపలి గోడ తరిగించాల్సి వస్తే సిలిండరు సంచిలో వేసుకుని సామర్లకోట వెళ్తాడు. అక్కడ లేతు పక్కనే కూర్చుని, కొలత తన కళ్ళతో చూసుకున్నాకే లేస్తాడు.

బోరు చేసిన ఇంజను మూసే ముందు ఆయన షెడ్డులో ఒక ఆచారం ఉంది. బండి గలవాళ్ళింటి ఆడమనిషి వచ్చి కొత్త పిస్టన్‌కి కుంకుమ బొట్టు పెట్టాలి. తండ్రి పడవ మోటార్లకి పెట్టించేవాడు, ఈయన మోటార్‌సైకిళ్ళకి పెట్టిస్తున్నాడు. మొదటి మంటకే ఆ కుంకుమ మాడిపోతుందనుకోండి, అయినా పెట్టాల్సిందే. ఆ తరవాత కూడా బండి యజమానికివ్వడు. తనే తోలుకుంటూ ఎదుర్లంకలో గోదావరి దాటించే పంటెక్కి, యానాంలో దిగి, కాకినాడ మీదుగా అన్నవరం వెళ్ళి, కొండెక్కి దణ్ణం పెట్టుకుని వస్తాడు. కొత్త బోరు కదా, మొదట్లో నలభై దాటకుండా నడిపితేనే లోపలి సామాను ఒకదానికొకటి సర్దుకుంటుంది. స్వామి దర్శనమూ, ఇంజను సర్దుబాటూ ఒకే పెట్రోలుతో అయిపోయేవి. తిరిగొచ్చాక ప్రసాదం పొట్లం, తాళం చెవీ కలిపి యజమాని చేతిలో పెట్టేవాడు. ఆ పొట్లం అందుకున్న బండి మళ్ళీ ఏడాది దాకా షెడ్డు మొహం చూడదని చుట్టుపక్కల పేరు. రోడ్డుకవతల ఫ్యాను కింద కుర్చీలు వేసి పిలుస్తున్నా, ఈయన దగ్గరికి ఆ నాలుగు బళ్ళయినా వస్తున్నాయంటే ఆ పేరు చూసే.

ఆయన చేతి కింద ఉన్న బళ్ళన్నిట్లోకీ విచిత్రమైనది మేక బండి. అసలు పేరు ట్రయల్స్ మోటార్‌సైకిలు. చమురు కోసం నేల పరీక్షలు చేసే విదేశీ ఇంజనీరొకాయన ఎనభైల్లో వచ్చి, పోతూ పోతూ దాన్ని ఇక్కడే వదిలేశాడు. స్పీడు కోసం చేసిన బండి కాదది. రాళ్ళ మీదా బురదలోనూ, కాలు కింద పెట్టకుండా, నడక వేగంతో పోవడం కోసం చేసింది. సీటు ఉందా అంటే ఉంది, అరచేతి మందాన. ఇంజను నేలకి బాగా ఎత్తులో ఉంటుంది, సైలెన్సరు పక్కనుంచి పైకెక్కి ఉంటుంది. గట్లయినా గుంటలైనా ఎక్కేస్తుంది కాబట్టి జనం మేక బండి అన్నారు. దానికి స్పేరు సామాను మన దేశంలో దొరకదు. గంగాధరే వేరే బళ్ళ పిస్టన్లు తెచ్చి లేతు మీద తరిగించి, కార్బ్యురేటరు ఎజ్డీది పెట్టి, కేబుళ్ళు చేత్తో అల్లి, పద్నాలుగేళ్ళుగా దాన్ని బతికిస్తున్నాడు. సొంత బిడ్డలా అని రాస్తే ఆయనకి కోపం వస్తుంది. "బిడ్డలు మాట వినరండి, ఇది వింటది" అనేవాడు.

చేతులు మారి మారి ఆ బండి చివరికి చినబాబుకి చేరింది. పల్లిపాలెం రేవులో పడవలు దిగే చోటికీ, రోడ్డు మీద ఐసు లారీ ఆగే చోటికీ మధ్య రెండు మైళ్ళు రొయ్యల చెరువుల గట్లే దారి. వాన పడితే ఆ గట్ల మీద మనిషే నిలవలేడు. చినబాబు మేక బండికి రెండు పక్కలా బుట్టలు కట్టుకుని ఆ జారుడులోనే సరుకు రోడ్డెక్కించేవాడు. ఆ రొయ్యల్ని రేవులోనే వేలంపాటలో అమ్మేది అతని అక్క వీరవేణి. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. తొంభై ఆరు తుపానుకి ఆమె మొగుడు వేటకెళ్ళి తిరిగి రాలేదు. పిల్లలు లేరు, అప్పట్నుంచి తమ్ముడింట్లోనే ఉంటోంది. పాట దగ్గర ఆమె గొంతు లేస్తే షావుకార్లు కూడా కాస్త వెనక్కి జరిగి నిలబడేవారు.

వైశాఖంలో కాలవలకి నీళ్ళు కట్టేశాక ఊళ్ళో తీర్థం పేరుతో అమ్మవారి జాతర జరుగుతుంది. తీర్థంలో మోటార్‌సైకిళ్ళ పందెం ఒకటి ఉంది. ఎవరు ముందొచ్చారని కాదు. నీళ్ళు తీసిన కాలవ బురదలోకి దిగి, అడ్డంగా పడేసిన తాటిదుంగలు దాటి, గట్టెక్కి రావాలి. కాలు కింద పెడితే ఒక తప్పు, బండి ఆగిపోతే అయిదు తప్పులు. తప్పులు తక్కువ చేసినవాడే గెలిచినట్టు. పందెం పెట్టించేది చెరువుల ఆసామి పల్లంరాజు గారు. చినబాబు వరసగా రెండేళ్ళు గెలిచాడు. మూడో ఏడు తీర్థం రెండు వారాలుందనగా బండికి దమ్ము తగ్గి, ఖాళీ బుట్టలతో గట్టెక్కడానికే రొప్పడం మొదలెట్టింది.

గంగాధర్ విన్నాడు, తిట్టాడు, విప్పాడు. సామర్లకోట వెళ్ళి బోరు చేయించుకొచ్చాడు. కొత్త పిస్టన్ పళ్ళెంలో పెట్టి, "మీ ఇంట్లోవాళ్ళని పిలు" అన్నాడు చినబాబుతో. చినబాబు భార్య అప్పుడే పురుడు పోసుకుని పుట్టింట్లో ఉంది. ఇంట్లో ఉన్నది వీరవేణి ఒక్కతే. తమ్ముడు పిలిస్తే వచ్చింది గానీ షెడ్డు గడప దాటలేదు.

"నేనెందుకు బాబాయ్ గారూ. పిన్నిగారి చేత పెట్టించండి."

పల్లంరాజు గారు తన ఎజ్డీ కోసం వచ్చి అక్కడే బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఆయన కూడా గొంతు తగ్గించి అన్నారు. "ఆ అమ్మాయి అన్నది సబబేనయ్యా గంగాధరం. మీ ఆవిడ నాగదుర్గ ఇంట్లోనే ఉంది కదా, కేకెయ్యి."

అంతే, మేస్త్రీకి ఎక్కడ లేని కోపం వచ్చింది. ఎవరైనా తన షెడ్డులో తన పనికి సలహా ఇస్తే ఆయనకి ఒంటి మీద జెర్రి పాకినట్టుంటుంది.

"ఈ బండి మీద బతికేది నాగదుర్గాండి? ఈ అమ్మాయి. వీణ్ణి పెంచింది ఎవరు? ఈ అమ్మాయి. ముత్తయిదువ ఎవరో, మొగుడు పోయినావిడ ఎవరో ఇంజనుకి తెలుసాండి? అంత తెలిసిన ఇంజనైతే నన్నెందుకు, పంతులుగార్నే పిలుద్దురు." అని వీరవేణి వైపు తిరిగి, "రామ్మా. నువ్వు పెడితేనే మూస్తాను" అన్నాడు.

వీరవేణి లోపలికొచ్చింది. రెండున్నరేళ్ళుగా ఆ వేళ్ళు కుంకుమని ముట్టుకోలేదు. అలవాటు తప్పి బొట్టు రూపాయి కాసంత పడింది. తను చేసిందేంటో ఒక్క క్షణం చూసుకుని, కొంగుతో కళ్ళొత్తుకుని వెళ్ళిపోయింది. గంగాధర్ ఇంకా చల్లారలేదు. పల్లంరాజు గారితో వాదిస్తూనే పిస్టన్ తీసుకుని బిగించాడు, వాదిస్తూనే సిలిండరు దించాడు, వాదిస్తూనే బోల్టులు వేశాడు. ఆ రోజు ఆ వాదనలో గెలిచింది ఆయనే.

మర్నాడు అన్నవరం వెళ్ళొచ్చాడు. తిరుగు ప్రయాణంలో పిఠాపురం దాటాక ఇంజనులోంచి చిన్న టిక్కుమన్న చప్పుడు వినబడింది. ఆపి విన్నాడు. మళ్ళీ రాలేదు. కొత్త బోరు కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాడు. ఇంకొకడి బండి అయి, ఇంకొకడు బిగించిన ఇంజను అయితే ఆ చప్పుడుకి ఆయన అక్కడికక్కడే హెడ్డు విప్పించేసేవాడు. తన చేతి పని మీద తనకి అనుమానం రావడం అలవాటు లేదు, అదీ సంగతి. ప్రసాదం పొట్లం, తాళం చెవీ చినబాబు చేతిలో పెట్టాడు.

తీర్థం రోజు కాలవకి రెండు పక్కలా జనం. చినబాబు బురద దాటాడు, దుంగలు దాటాడు, ఒకే ఒక్క తప్పు. ఇక మిగిలింది ఆఖరి గట్టు. నిటారు గట్టది, దమ్ము పట్టి ఎక్కించాలి. చినబాబు ఏక్సిలేటరు పూర్తిగా తిప్పాడు. బండి సగం గట్టెక్కింది. అక్కడ పుటుక్కుమని ఒక చప్పుడు, వెంటనే ఇంజను పట్టేసింది. తిరుగుతున్న వెనక చక్రం ఠక్కున ఆగిపోయింది. చినబాబు పక్కకి ఎగిరి దుంగ మీద పడ్డాడు, అతని మీద బండి పడింది. లేవనెత్తి అమలాపురం తీసుకెళ్తే భుజం ఎముక విరిగిందన్నారు. రెండు నెలలు బండెక్కకూడదన్నారు.

ఆ సాయంత్రానికే ఊరంతా ఒకే మాట. "ఆ చేత్తో బొట్టు పెట్టిస్తే ఇంకేమవుద్ది." పల్లంరాజు గారు పాపం పైకి ఏమీ అనలేదు, తల మాత్రం అడ్డంగా ఊపారు. ఆ తల ఊపుడే చాలా మందికి సరిపోయింది. కబురు విని చినబాబు భార్య పసిబిడ్డతో పుట్టింటి నుంచి వచ్చింది. వీరవేణి చేతులు కడుక్కుని వచ్చి బిడ్డని ఎత్తుకోబోతే, "ఇప్పుడే పడుకున్నాడు వదినా" అని బిడ్డని అటు తిప్పుకుంది. బిడ్డ మెలకువగానే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే గంగాధర్ షెడ్డు తలుపు ఓరగా వేసుకుని ఇంజను విప్పాడు. సిలిండరు గోడ నిలువునా చీరుకుపోయి ఉంది. పిస్టన్ చుట్టూ తొడిగే, ఒక చోట తెగి ఉండే రింగు కొస విరిగి లోపలే నలిగిపోయింది. పిస్టన్ నెత్తి మీద మసి గుడ్డతో తుడిచాడు. తుడిచాక దాన్ని వెలుతురుకి పట్టి మళ్ళీ చూశాడు.

ఆ రకం పిస్టన్ నెత్తి మీద చిన్న బాణం గుర్తు కొట్టి ఉంటుంది. ఆ బాణం సైలెన్సరు వైపు చూడాలి. తిరగేసి పెట్టినా పిస్టన్ పడుతుంది, బండి నడుస్తుంది కూడా. కాకపోతే రింగుల కొసలు పొగ బయటికిపోయే కంతకి ఎదురుగా వస్తాయి. నెమ్మదిగా నడిపినంత కాలం పరవాలేదు. గట్టిగా తిప్పిన రోజున కొస ఆ కంతలో తగులుకుని విరుగుతుంది. పని నేర్చుకున్న మొదటి నెలలోనే తెలిసే సంగతి ఇది. గంగాధర్ తుడిచిన పిస్టన్ మీద బాణం వెనక్కి చూస్తోంది. బొట్టు సరిగ్గా దాని మీద పడింది, కోపంలో ఉన్న మేస్త్రీ బాణం వెతకలేదు. ముప్ఫై ఏళ్ళలో వెతక్కుండా బిగించింది ఆ ఒక్కటే.

బొట్టు తుడిచి చూడాల్సింది ఎవరు? తనే. ఆ ప్రశ్నకి ఆయన దగ్గర వేరే జవాబు లేదు, వెతికాడు కూడా. కానీ ఆ పిస్టన్ తీసుకెళ్ళి బయట చూపిస్తే ఏమవుతుందో కూడా ఆయనకి తెలుసు. గంగాధర్ పిస్టన్ తిరగేసి బిగించాడు, చినబాబు భుజం విరగ్గొట్టాడు అంటారు. ఉన్న నాలుగు బళ్ళూ రోడ్డు దాటతాయి. సరిగ్గా ఆ ఆలోచనలో ఉండగా పల్లంరాజు గారు తలుపు తోసుకుని వచ్చి, "ఏంటయ్యా తేలింది?" అని అడిగారు. గంగాధర్ పిస్టన్ మీద గుడ్డ కప్పాడు.

"రింగు విరిగిందండి."

"ఎందుకని?"

"ఏం చెప్తామండి. టైము బాగోలేదంతే."

ఆ మాట ఆయన నోట వచ్చాక ఇక ఊరికి ఏ అనుమానమూ మిగల్లేదు. సాక్షాత్తూ మేస్త్రీయే టైము బాగోలేదన్నాడట అని చెప్పుకున్నారు. చినబాబు మంచం మీద, బండి షెడ్డులో. వీరవేణి అరువు సైకిలు రిక్షా మీద సరుకు మోయించుకుంటూ అమ్మడానికి ప్రయత్నించింది. పొద్దున్నే బోణీ ఆమె దగ్గర చేయడానికి షావుకార్లు తటపటాయించారు. పడవలవాళ్ళు వేటకి బయల్దేరే వేళకి రేవులోకి రావద్దమ్మా అని ఒక పెద్దాయన మెత్తగానే చెప్పాడు. మెత్తగా చెప్పిన మాటకి ఎదురు చెప్పడం కష్టం. గొంతు చించుకుని అమ్మే మనిషి గంప పక్కన పెట్టుకుని ఎవరొస్తారా అని కూర్చోవడం మొదలెట్టింది. ఇవన్నీ గంగాధర్ చెవిన పడుతూనే ఉన్నాయి. చినబాబు భుజం అతుక్కున్నాక చెప్పేద్దాం అనుకున్నాడు. బండి ఉచితంగా బాగుచేసి ఇచ్చేసి అప్పుడు చెప్దాం అనుకున్నాడు. ఇలా తొమ్మిది రోజులు అనుకున్నాడు.

పదో రోజు పొద్దున్న ఆయన రాజ్‌దూత్ మీద పల్లిపాలెం వైపు వెళ్తున్నాడు. దూరంగా గట్టు మీద గంపతో వీరవేణి ఎదురుగా వస్తోంది. ఎప్పుడూ దూరం నుంచే "ఏం బాబాయ్ గారూ, ఇంత పొద్దున్నే" అని పలకరించే మనిషి. బండి చప్పుడు విని తలెత్తింది, ఆయన్ని గుర్తుపట్టింది. గబగబా గట్టు దిగి, చెరువు కాపలా గుడిసె వెనక్కి వెళ్ళి, గోడ వైపు తిరిగి నిలబడింది. ఆయన బయల్దేరిన పనికి తను ఎదురు రాకూడదని. గంగాధర్ ఆపలేకపోయాడు. ఆపితే ఏం చెప్పాలో తెలియక అలాగే ముందుకి పోనిచ్చాడు, కాస్త దూరం పోయాక ఏ పని మీద వచ్చాడో మర్చిపోయి బండి వెనక్కి తిప్పాడు.

ఇంటికొచ్చి భార్య నాగదుర్గకి అంతా చెప్పేశాడు. ఆవిడ చేపలు తోముతూ చివరి దాకా వింది.

"నాకెందుకు చెప్తున్నారండి?" అంది.

"ఎవరికో ఒకరికి చెప్పాలి కదే."

"ఎవరికో ఒకరికి కాదు. ఎవరికి చెప్పాలో మీకు తెలుసు. నాకు చెప్పి సగం బరువు దింపేసుకుందామనా? నేను మొయ్యనండి" అని చేపల వైపు తిరిగింది.

ఉత్తి చేతులతో వెళ్ళి చెప్తే జనం నమ్మరని గంగాధర్‌కి అనుమానం. ఆడమనిషి మీద జాలితో తప్పు నెత్తినేసుకున్నాడు అంటారు. తన మీద జాలి లేనివాడు ఎవరైనా చెప్పాలి. అలాంటివాడు ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. మేస్త్రీ పిస్టన్, సిలిండరు, విరిగిన రింగు ముక్కలు పళ్ళెంలో పెట్టుకుని రోడ్డు దాటాడు. ఆ షెడ్డు మెట్టు ఎక్కడం ఆయనకి అదే మొదలు. గణేష్‌బాబు కంగారుగా లేచి కుర్చీ వేశాడు.

"కూర్చోవడానికి రాలేదు బాబూ. ఇది ఎందుకు పోయిందో చూసి చెప్పు."

గణేష్‌బాబు పిస్టన్ ఇటూ అటూ తిప్పాడు. సిలిండరు పక్కన పెట్టి గీతలు చూశాడు. అర్థమయ్యాక ఆయన మొహం చూడలేకపోయాడు. "బాణం తిరగబడిందండి. ఎవరు బిగించారండి ఇది?"

"నేనే. నాతో పాటు రేవులోకొచ్చి ఈ మాటే అక్కడ చెప్పాలి. వస్తావా?"

రొయ్యల పాట జరిగే పాక దగ్గర అప్పుడు పాతిక ముప్ఫై మంది ఉన్నారు. పల్లంరాజు గారు ఉన్నారు. భుజానికి కట్టుతో చినబాబు కూడా వచ్చి కూర్చున్నాడు. వీరవేణి దూరంగా గంప ముందు ఉంది. గంగాధర్ పళ్ళెం బల్ల మీద పెట్టి, ఉపోద్ఘాతం లేకుండా చెప్పాడు. "చినబాబు పడిపోయింది నా వల్ల. పిస్టన్ తిరగేసి బిగించాను. టైము లేదు, గీము లేదు. నేను చూసుకోలేదు."

"నీ మనసు మంచిదయ్యా గంగాధరం" అన్నారు పల్లంరాజు గారు. "ఆ పిల్ల కోసం..."

"మనసు సంగతి తరవాతండి. ఇతన్నడగండి. నన్ను వెనకేసుకు రావాల్సిన అవసరం ఇతనికి లేదు. నేను ఇతన్ని ఎన్ని మాటలన్నానో మీ అందరికీ తెలుసు."

గణేష్‌బాబు మెల్లగా, చేత్తో చూపిస్తూ, చెప్పాల్సిందంతా చెప్పాడు. ఒక్కొక్కళ్ళూ వచ్చి బాణం చూశారు, సిలిండరులో చీలికని వేలితో తడిమారు. చినబాబు లేచి పిస్టన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "నీ దగ్గరికి కళ్ళు మూసుకుని తెచ్చేవాణ్ణి బాబాయ్" అన్నాడు. గంగాధర్ తల దించుకున్నాడు. కొట్టినా అంత బాధపడేవాడు కాదు.

అప్పుడు వీరవేణి వచ్చింది. జనం పక్కకి జరిగారు. ఆమె పిస్టన్ ముట్టుకోలేదు, వంగి బాణం చూసింది.

"ఇది ఎప్పుడు చూశారు బాబాయ్ గారూ?"

"విప్పిన రోజునే చూశానమ్మా. పందెం మర్నాడు."

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది, పైకి వినబడకుండా. లెక్క పూర్తయ్యాక ఆయన మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. గంప నెత్తినెత్తుకుని వెళ్ళిపోయింది.

బళ్ళు పోతాయనుకున్నాడు కదా, పోయాయి కూడా. నాలుగింట్లో రెండు. పల్లంరాజు గారి ఎజ్డీ మాత్రం పోలేదు. ఆయన తల ఊపడం మానేశారు గానీ, ఊపినందుకు వీరవేణికి ఏమీ చెప్పలేదు. పెద్దమనుషులు అక్కడే ఆగిపోతుంటారు. గంగాధర్ సిలిండరుకి లోపలి గోడగా కొత్త స్లీవు వేయించాడు, ఇంకో పిస్టన్ తరిగించాడు. రెండు నెలలకి చినబాబు భుజం కుదురుకుంది. ఇంజను మూసే రోజు వచ్చింది. మేస్త్రీ స్వయంగా చినబాబు ఇంటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, "బొట్టు పెట్టడానికి రావాలమ్మా" అన్నాడు వీరవేణితో. పక్కనే చినబాబు భార్య బిడ్డనెత్తుకుని నిలబడి ఉంది.

"షెడ్డుకి రాను" అంది వీరవేణి. "నన్ను ఎక్కడ దూరం పెట్టారో అక్కడ పెడతాను. మీరే రేవులోకి పట్టుకురండి."

ఆయన పట్టుకెళ్ళాడు. పడవలు వేటకి బయల్దేరే వేళకే పట్టుకెళ్ళాడు. పాట బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పిస్టన్ పెట్టి, కుంకుమ భరిణె మూత తీశాడు. షావుకార్లు, పడవలవాళ్ళు, ఆ రోజు మెత్తగా చెప్పిన పెద్దాయన, అందరూ చూస్తున్నారు. వీరవేణి చీర చెంగు నడుముకి దోపుకుని వచ్చింది. పిస్టన్ అంచున, బాణానికి దూరంగా, చిన్న బొట్టు పెట్టింది.

"బాణం కనబడుతుందా బాబాయ్ గారూ?"

"కనబడుతుందమ్మా."

"నాకు కాదు. వాళ్ళకి చెప్పండి."

గంగాధర్ పిస్టన్ రెండు చేతులా ఎత్తి జనం వైపు తిప్పాడు. "బాణం కనబడుతుంది" అన్నాడు గట్టిగా.

"ఇప్పుడు ఈ ఇంజను పట్టేస్తే ఎవరిదండీ తప్పు?"

"నాదేనమ్మా."

వీరవేణి పిస్టన్ ఆయన చేతుల్లోంచి తీసుకుంది. వెంటనే తిరిగి ఇవ్వలేదు.

"ఎన్నో రోజుకి చెప్తారు?" అని అడిగింది.

గంగాధర్ ఆమె చేతిలోని పిస్టన్ మీద బాణం వైపు చూశాడు.

"ఆ పూటే చెప్తానమ్మా" అన్నాడు.

అప్పుడు ఆమె పిస్టన్ ఆయన చేతికిచ్చింది.